ముప్పై ఎనిమిది ముడులు

ఆ ఏడాది జూలై నెలలో, తుమ్మికొండ ప్రాథమిక పాఠశాలలో ఉన్న ఒకే ఒక్క మీటరు కర్రను ప్రభుత్వం అదుపులోకి తీసుకుంది.

తీసుకున్నది మండల విద్యాశాఖాధికారి కూర్మనాథం గారు. జీపు కొండ కిందే ఆగిపోతే, మిగతా రెండు కిలోమీటర్లూ నడిచి వచ్చి, బడి గడప మీద కూలబడి, రెండు చెంబుల నీళ్లు తాగి, అప్పుడు జేబులోంచి కాగితం తీశారు.

"గిరిజన ప్రాంత బాలబాలికలకు వారి పూర్వీకుల కొలమానముల ద్వారానే గణిత బోధన జరుపవలెననియు, పరాయి కొలమానములగు మీటరు, లీటరు, కిలో ఇత్యాదులు బోధనా ప్రాంగణమున కనబడరాదనియు ఇందుమూలముగా ఆదేశించడమైనది. ఇట్లు, వారసత్వ గణిత మిషన్."

చామంతి టీచరు శ్రద్ధగా విన్నది. ఆమెది ఆ అవతలి కొండే, జాతాపు తెగ పిల్ల. గురుకులంలో చదివి, టీచరు ట్రైనింగ్ చేసి, ఇరవై మూడు మంది పిల్లలకూ అయిదు తరగతులకూ ఒకే గదిలో ఒక్కతే పాఠాలు చెబుతోంది.

"తమరు ఇప్పుడు రెండు కిలోమీటర్లు నడిచొచ్చారు కద సార్. అవి కూడా పరాయివే కదా?" అంది.

కూర్మనాథం గారు నుదురు తుడుచుకున్నారు. "అది రోడ్లు, భవనాల శాఖ పరిధి అమ్మా. మన పరిధిలో కర్ర మటుకే ఉంది."

ఆయన పంచనామా రాస్తున్నంతసేపూ అయిదో తరగతి సుమిత్ర మీటరు కర్ర పక్కన కూర్చుని, బొటనవేలూ చిటికెనవేలూ చాచి, జానలు జానలుగా ఆ చివరినుంచి ఈ చివరిదాకా కొలిచింది.

"ఏం చేస్తున్నావు పాపా?"

"సాగనంపుతున్నాను సార్," అంది సుమిత్ర. ఆరు జానలూ రెండు వేళ్లూ అని మనసులో రాసుకుంది.

కర్రను కోరా గుడ్డలో చుట్టి, నాలుగు చోట్ల లక్క ముద్రలు వేసి, జవాను భుజాన ఎత్తించుకుని అధికారి కొండ దిగిపోయారు.

నిజం చెప్పాలంటే చామంతికి మొదట కోపం రాలేదు. జాన, మూర, బార, కుంచం అంటే ఆ పిల్లలకు ఇంట్లో ఉన్న సంగతే. తాతకు దగ్గు నేర్పమంటున్నారు, పోనీ నేర్పుదాం అనుకుంది. ఆమె భయమల్లా వేరే. తుమ్మికొండలో అయిదో తరగతి దాటితే బడి లేదు. హైస్కూలు పద్నాలుగు కిలోమీటర్లు, మధ్యలో దాటాల్సిన రెండు గెడ్డలు, వానొస్తే పొంగే వాగులు. మార్చిలో గురుకుల ప్రవేశ పరీక్షలో సీటు వచ్చిన పిల్ల చదువుకుంటుంది, రానిది జీడితోటలకు పోతుంది. కిందటేడు ఒక్కరికీ రాలేదు. ఈ ఏడు సుమిత్ర ఉంది. లెక్కను చూస్తే ఆకలేసినట్టు ఎగబడే అలాంటి పిల్ల మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. గురుకులం వాళ్ల ప్రశ్నపత్రం మటుకు మీటర్లలోనే ఉంటుంది. వాళ్లకు ఈ మిషన్ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

సరే, జానలతోనే మొదలుపెట్టింది. గది పొడవు కొలవమంటే ఒకడు యాభై జానలన్నాడు, ఇంకొకడు నలభై నాలుగన్నాడు. కొట్టుకునేదాకా వచ్చింది.

"టీచర్, అందరి సెయ్యీ ఒక్కలాగుండదు కద," అంది సుమిత్ర. "ఎవరిదో ఒక జాన కర్ర మీద గీసేసుకుని, అందరం దాంతోనే కొలుసుకుంటే తగువుండదు."

చామంతికి ఒళ్లు పులకరించింది. పెద్దపెద్దవాళ్లు ఎన్నో ఏళ్లు తన్నుకుని తేల్చుకున్న సంగతిని ఈ పిల్ల అరగంటలో తేల్చింది. ఆ సంతోషంలో ఆమె ఒక పొరపాటు చేసింది. ఉద్యోగంలో చేరి నాలుగేళ్లే కావడం వల్ల, బడిలో జరిగిన మంచిని ఆఫీసుకు రాసి పంపింది.

"మీ పాఠశాలలో జానల మధ్య వ్యత్యాసమున్నట్లు మిషన్ దృష్టికి వచ్చినది," అని నెల్లాళ్లకు జవాబు వచ్చింది. "ఇది తీవ్రమైన అక్రమము."

అక్రమాన్ని సరిచేయడానికి ప్రామాణిక మూర నిర్ణయ సంఘం ఏర్పడింది. సంఘం మూడుసార్లు సమావేశమై, ఎవరి మూరను తీసుకుంటే ఎవరికి కోపం వస్తుందోనని కిందామీదా పడి, చివరికి ఎవరికీ అభ్యంతరం ఉండజాలని మూరను ఎంచుకుంది. అది మిషన్ సంచాలకుల వారి మూర. సంచాలకులు ఆరడుగుల రెండంగుళాల మనిషి. ఆ లెక్కన తుమ్మికొండ పిల్లలు ఇరవై మూడు మందికీ 'మూర లోపం' ఉన్నట్టు తేలింది.

లోపమంటూ ఉన్నాక పథకం ఉండాలి కదా. వారానికి రెండు గుడ్లు అదనంగా మంజూరు చేశారు. రోజూ పది నిమిషాలు దూలానికి వేలాడి చేతులు సాగదీసే వ్యాయామం పెట్టారు. నెలనెలా నింపడానికి 'జాన వృద్ధి రిజిస్టరు' ఇచ్చారు. పిల్లలందరూ కేరింతలు కొడుతూ దూలానికి వేలాడారు. సుమిత్ర ఒక్కతే మూలన నిలబడి పిడికిలి బిగించుకుంది.

"ఏమే, నువ్వు వేలాడవేం?"

"సెయ్యి పెరిగిపోతే మీటరు పోతాది టీచర్. ఆరు జానలూ రెండు వేళ్లూ, అదే లెక్క పెట్టుకున్నాను."

కొండ బడుల్లో ఎక్కడా కనబడకూడని మీటరు, ఆ గదిలో ఒక పదేళ్ల పిల్ల అరచేతిలో దాక్కుని ఉంది. ఆ రోజు నుంచి ఆమె సుమిత్రను వేలాడమనలేదు. రిజిస్టరులో సుమిత్ర పేరు ఎదుట 'వృద్ధి నిలకడగా ఉన్నది' అని రాసింది. గుడ్డు మాత్రం సుమిత్ర మానలేదు.

సంక్షోభం తీరిందనుకునేలోపు, జనవరిలో సంచాలకులే స్వయంగా దయచేశారు. బడి చుట్టూ వెదురు అడవి ఉండగా, వెదురు రంగు పూసిన ప్లాస్టిక్ కుంచం ఒకటి అద్దాల పెట్టెలో పెట్టి తెచ్చారు. కుంచాన్ని చూడటానికి సుమిత్ర తాత వచ్చాడు. ఆయన ఊరికి దిసరి. పండగలకు రోజు చూసి చెప్పేది ఆయనే.

"బాగుంది బాబూ. ఇందల గింజలు పోసుకోవచ్చునేటి?"

"పోయరాదు. అది స్టాకు," అన్నారు సంచాలకులు.

అప్పుడు ఆయన కన్ను బడి ఎదురింటి గుంజకు వేలాడుతున్న తాడు మీద పడింది. సన్నని నారతాడు, దాని మీద వరసగా ముడులు. అదేమిటని అడిగారు.

"కందికొత్త పిలుపు బాబూ," అన్నాడు దిసరి తాత. "ఆ పండగ సేసుకున్నదాకా కొత్త కందులు నోట్లో పెట్టం. సుట్టాలూరు నుంచి తాడొచ్చింది. ఎన్ని ముడులుంటే అన్నాళ్లు. పొద్దున్న లేసి రోజుకో ముడి విప్పుతాం. ముడులు అయిపోతే పండగ."

సంచాలకుల వారికి కళ్లు చెమర్చాయి. "అక్షరమనే భారమే లేని ఉత్తరప్రత్యుత్తరం! కాగితం లేదు, సిరా లేదు, సర్వరు డౌను కావడం లేదు! ఎంతటి పరిపాలనా దక్షత!"

"ఇంకొక మాటుంది బాబూ. తాడు అట్టుకొచ్చినోడు దారిలో..."

"చాలు పెద్దాయనా, సారం గ్రహించాను. మిగతాది మా సంఘం చూసుకుంటుంది," అని ఆయన తాత భుజం మీద చెయ్యి వేసి ఫొటో దిగి వెళ్లిపోయారు.

పదిహేను రోజులకు ఉత్తర్వు వెలువడింది. ఇకమీదట గిరిజన ప్రాంత పాఠశాలలకు తేదీలన్నియు ముడితాడు రూపముననే తెలియజేయబడును. కాగితముపై గాని, ఫోను ద్వారా గాని తేదీ తెలుపుట వారసత్వమునకు భంగకరము. ప్రతి కార్యాలయము తాడు అందినట్లు రుజువుగా దానిపై ఒక ముడి వేయవలెను. ముడి విప్పుట రికార్డు తారుమారు చేయుటగా పరిగణింపబడును.

బడి గోడ మీది కేలండరు కూడా పోయి మీటరు కర్ర పక్కన చేరింది.

మార్చి మొదటివారంలో ఆఫీసు జవాను దాలయ్య కొండెక్కి వచ్చి ఒక తాడు, దానికి కట్టిన చీటీ ఇచ్చాడు. చీటీ మీద 'గురుకుల ప్రవేశ పరీక్ష' అని మాత్రమే ఉంది. చామంతి ముడులు లెక్కపెట్టింది. ముప్పై ఎనిమిది.

హమ్మయ్య, ఇంకా నెల మీద ఎనిమిది రోజులుంది అనుకుంది. భిన్నాలు పూర్తి చేయవచ్చు, వైశాల్యాలు మళ్లీ ఒకసారి చూపించవచ్చు.

మనవరాలిని తీసుకుపోవడానికి వచ్చిన దిసరి తాత తాడు చేతిలోకి తీసుకుని, బొటనవేలితో తడుముకుంటూ పోయాడు. నొసలు ముడివేశాడు.

"ఇది ఒక్క సేతి పని కాదమ్మా."

సుమిత్ర కూడా తడిమి చూసింది. "అవును టీచర్. ముప్పై ముడులు సన్నగున్నాయి. ఎనిమిది లావుగున్నాయి, రెండేసి సార్లు బిగించేసినారు."

"ఆ లావువి మా ఆఫీసులోళ్లవి," అన్నాడు దాలయ్య. "రాజధాని నుంచి మన మండలందాకా, అందినట్టు ఎనిమిది బల్లల దగ్గర ఎనిమిది ముడులేసినారు. ఊడిపోతే ఉద్యోగం ఊడతాదని గట్టిగా బిగించినారు."

చామంతి తాడు అందుకుని సన్న ముడులు ఒక్కొక్కటే తడిమింది. "అయితే పరీక్షకు ముప్పై రోజులేనా?"

"తాడు ఎప్పుడు కట్టినారు?" అన్నాడు తాత.

"ఎప్పుడో రాజధానిలో కట్టుంటారు తాతా."

"మరి అక్కడి నుంచి ఇక్కడికి వచ్చిన రోజులకి ముడులు ఎవులు విప్పినారు? తాడు అట్టుకొచ్చినోడు దారిలో తెల్లారినప్పుడల్లా ఒక ముడి విప్పాల. లేపోతే పండగ దారిలోనే అయిపోతాది. ఆ బాబుకి ఆ మాటే సెప్పబోతే ఇన్నాడు కాదు." తాత దాలయ్యకేసి చూశాడు. "మీ ఆఫీసుల్లో రోజులు గడవవేటి?"

దాలయ్య కాస్త నొచ్చుకున్నాడు. "గడుస్తాయి తాతా. ఏ బల్ల మీదా మూడు రోజులకు మించి ఉండకూడదని రూలు. మించితే మెమో ఇస్తారు. ముందే కదిలితే, ఏటంత తొందర, ఏటి ముట్టింది అంటారు. అందుకని సరిగ్గా మూడు రోజులుంటాది."

సుమిత్ర అప్పటికే పలక మీద వేసేసింది. "ఎనిమిది మూళ్లు ఇరవై నాలుగు. ముప్పైలోంచి ఇరవై నాలుగు పోతే ఆరు. టీచర్, పరీక్ష ఆరు రోజుల్లోనే!"

చామంతి చెప్పులు వేసుకుని దాలయ్యతో పాటే కొండ దిగింది. కూర్మనాథం గారు ఫైళ్ల మధ్య టీ తాగుతున్నారు.

"సార్, పరీక్ష ఆరు రోజుల్లో ఉంది."

"ముప్పై ఎనిమిది లెక్కపెట్టి సంతకం చేశానమ్మా. ఇప్పుడు ఆరంటే మిగతా ముప్పై రెండు ముడులకూ జవాబుదారీ ఎవరు?"

"పైవాళ్లకు ఫోను చేసి అడగండి సార్."

"తేదీ ఫోనులో మాట్లాడకూడదు."

"వెబ్‌సైటులో చూస్తే తాడు ఫొటో పెట్టారు సార్. అందులో ముడులు మసగ్గా ఉన్నాయి."

"అయితే తాడు పంపి అడుగుదాం. వెళ్లడానికి ఎనిమిది బల్లలు, రావడానికి ఎనిమిది బల్లలు." ఆయన వేళ్ల మీద లెక్కపెట్టి తృప్తిగా తలెత్తారు. "నలభై ఎనిమిది రోజుల్లో నిక్కచ్చిగా తెలిసిపోతుంది."

చామంతి మెట్లు దిగి వచ్చి ఆఫీసు గోడ నీడలో కాసేపు నిలబడింది. ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, చివరికి ఒక ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన అంత మంచిది కాదు. తన అయిదో తరగతి పిల్లలు అయిదుగురినీ ఆరో రోజున తీసుకుపోతే, మిగతా ఊళ్ల పిల్లలు ముప్పై ఎనిమిది లెక్కపెట్టుకుంటూ ఇళ్లలోనే ఉంటారు. సీట్లు నలభై. సుమిత్రకు ఎదురుండదు.

కొండెక్కేసరికి పొద్దు వాలింది. తాత వాకిట్లో నార పేనుతున్నాడు. పక్కన అప్పటికే నాలుగు తాళ్లున్నాయి.

"ఎందుకు తాతా ఇన్ని?"

"పదకొండు ఊళ్లమ్మా. బడులున్నవి పదకొండు. మన కుర్రాళ్లు రేపు పొద్దెక్కేసరికి అందిచ్చెస్తారు."

చామంతి గొంతు సవరించుకుంది. "అందరూ వస్తే మన సుమిత్రకి సీటు కష్టం కావచ్చు."

తాత ముడి వేస్తూనే అన్నాడు. "కందికొత్త సుట్టాలను పిలవకుండా తినేస్తామేటి?"

చామంతికి సిగ్గేసింది. తాను కూడా అలాంటి గడప మీదే పుట్టి, ఆ కందులే తిని, నాలుగేళ్ల ఉద్యోగంలో ఇంత మారిపోయిందా అనిపించింది. పక్కన కూర్చుని నార అందుకుంది. ఒక్కో తాడుకు ఆరేసి ముడులు వేశారు. సుమిత్ర ప్రతి తాడునూ రెండుసార్లు లెక్కపెట్టి పక్కన పెట్టింది. ఆ తాళ్ల మీద అందినట్టు రుజువుగా ఎవరూ ముడి వేయలేదు. మర్నాడు తెల్లవారగానే తాళ్లు పట్టుకెళ్తున్న కుర్రాళ్లు దారిలోనే ఒక ముడి విప్పి, అయిదు ముడులతో అందజేశారు.

ఆరో రోజు పొద్దున్న తొమ్మిది గంటలకు మండల కేంద్రంలోని పరీక్షా కేంద్రం ముందు నూటపన్నెండు మంది పిల్లలు బారులు తీరి నిలబడ్డారు. కేంద్రానికి పర్యవేక్షకులు కూడా కూర్మనాథం గారే. కబురు విని చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరుగెత్తుకొచ్చారు.

"ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని? ఇంకా ముప్పై రెండు రోజులుంది! వెళ్లండి, వెళ్లండి!"

పిల్లలు కదల్లేదు. నాలుగు గంటలు నడిచి వచ్చినవాళ్లకు వెంటనే వెనక్కి తిరిగే ఓపిక ఉండదు. చామంతి ముందుకొచ్చింది.

"బీరువాలో ప్రశ్నపత్రాల కట్ట ఉంటుంది కద సార్. దాని మీద ఏముందో ఒకసారి చూడండి."

"కట్ట చూడటానికి వీల్లేదు."

"పైన చూడొచ్చండి," అన్నాడు దాలయ్య. "లోపలే చూడకూడదు."

బీరువా తెరిచారు. కట్ట మీద నల్లటి అక్షరాల్లో ఆనాటి తేదీ అచ్చు వేసి ఉంది. 'ఉదయం పది గంటలకు తెరవవలెను. తెరవనిచో కారణములు తెలుపుతూ సంజాయిషీ సమర్పించవలెను' అని కూడా ఉంది. కూర్మనాథం గారికి చెమటలు పట్టాయి.

"ఇది ముద్రణాలయం వారి తప్పిదం," అన్నారు చివరికి. "వాళ్లకు ముడి వేయడం రాదు, అచ్చు వేసేశారు."

గడియారం పదికి అయిదు నిమిషాలు తక్కువలో ఉంది. ముప్పై రెండు ముడులు ఒక పక్క, సంజాయిషీ ఒక పక్క. ఆయన పాతికేళ్ల సర్వీసు సంజాయిషీ వైపే మొగ్గింది. గంట కొట్టించారు.

పదకొండో ప్రశ్న, 'నీ ముందున్న బల్ల పొడవు సుమారు ఎన్ని మీటర్లు?' అని. పిల్లలు దిక్కులు చూశారు. సుమిత్ర పెన్ను పక్కన పెట్టి, పిడికిలి విప్పి, బల్ల మీద జానలు వేసుకుంటూ పోయింది. తొమ్మిది జానలూ మూడు వేళ్లూ. 'ఒకటిన్నర' అని రాసింది. కిటికీలోంచి చూస్తున్న చామంతికి ఆ చిన్న చెయ్యి తప్ప ఇంకేమీ కనబడలేదు.

మే నెలలో ఫలితాలు వచ్చాయి. తుమ్మికొండ నుంచి అయిదుగురు రాస్తే ముగ్గురికి సీట్లు. సుమిత్రది జాబితాలో నాలుగో పేరు. మిగతా బడుల నుంచి ముప్పై ఏడుగురు. పిల్లలు పరీక్షకు ఇంత కచ్చితంగా హాజరు కావడం మునుపెన్నడూ లేదని, ఇది పూర్తిగా ముడితాడు విధాన విజయమని మిషన్ పత్రికలో వచ్చింది. కూర్మనాథం గారికి శాలువా కప్పారు. వచ్చే ఏటి నుంచి ముడితాడును మైదాన ప్రాంతాలకూ విస్తరిస్తారట.

జూన్‌లో సుమిత్ర గురుకులానికి బయలుదేరే రోజు. బడి ముందు రేకుపెట్టె సిద్ధంగా ఉంది. దాని గొళ్లెం ఊడిపోతే ఏం పెట్టి కట్టాలా అని తాత వెతుకుతున్నాడు. అంతలో దాలయ్య రొప్పుతూ కొండెక్కి వచ్చాడు.

"మీకు మెమో టీచరమ్మా. ప్రభుత్వ ముద్ర లేని ముడితాళ్లు పదకొండు ఊళ్లకు అక్రమంగా జారీ చేసినందుకు మీ మీద ఎందుకు చర్య తీసుకోకూడదో సంజాయిషీ ఇవ్వాలి. గడువు ఇదిగో." తాడు చేతిలో పెట్టాడు. దాని మీద పదిహేను ముడులున్నాయి.

చామంతికి భయం వేసింది. ఎంతైనా ఉద్యోగం. సుమిత్ర మాత్రం తాడు లాక్కుని వేళ్లతో తడిమింది.

"లావువి ఎనిమిది. అవి తీసేస్తే ఏడు. ఏడు రోజులు గడువిచ్చారు టీచర్. ఎనిమిది బల్లల మీద ఇరవై నాలుగు రోజులు పోయినాయి. ఏడులోంచి ఇరవై నాలుగు..." ఆగింది. వేళ్లు మడిచింది, విప్పింది. పుట్టాక మొదటిసారి లెక్క దగ్గర ఓడినట్టు ముఖం పెట్టింది. "పోదు కద టీచర్? ఏడులోంచి ఇరవై నాలుగు ఎలగ పోతాది?"

చామంతికి నవ్వు ఆగలేదు. కళ్లలో నీళ్లు తిరిగినా నవ్వుతూనే ఉంది.

"పోతుందే. ఆ లెక్క ఆరో తరగతిలో ఉంది. నువ్వెళ్లి నేర్చుకుని, సెలవులకొచ్చి నాకు జవాబు చెప్పు. సంజాయిషీ అప్పుడు రాస్తాను."

"ఇప్పుడు నేనేటి చెప్పమంటారు ఆఫీసులో?" అన్నాడు దాలయ్య.

"అందిందని చెప్పు దాలయ్యా."

తాత కూర్చుని తాడు ముడులన్నీ ఓపిగ్గా విప్పాడు, లావువి పంటితో లాగి మరీ విప్పాడు. పదిహేనూ విప్పేసరికి తాడు సుమిత్ర చేతితో రెండు మూరలు పెరిగింది. పెట్టె చుట్టూ కట్టడానికి సరిగ్గా సరిపోయింది.